ఆట అంచున నిలబడ్డ పిల్లవాడు

శ్రోతలకు నమస్కారం.

బడి నుంచి వచ్చిన బిడ్డను మనం ముందుగా అడిగేది "ఇవాళ ఎవరితో ఆడుకున్నావు?" అని. స్నేహితులు దొరకని బిడ్డకు అది రోజూ అప్పజెప్పవలసిన పాఠమవుతుంది. మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు నేనూ అలాగే అడిగేదాన్ని. కొన్నాళ్లకు వాడు నేను నోరు తెరవకముందే "అందరితో" అనేసి లోపలికి వెళ్లిపోవడం నేర్చుకున్నాడు. ఒకరోజు కాస్త ముందుగా వెళ్లి గేటు దగ్గర నిలబడి చూశాను. నలుగురు పిల్లలు ఇసుకలో కాలువ తవ్వుతున్నారు. మావాడు నాలుగడుగుల దూరంలో కూర్చుని, ఊడని బూటు లేసును విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు, అదీ మూడుసార్లు.

అలా చూస్తూ ఉండిపోవడాన్ని మనం పిరికితనమంటాం. 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు నర్సరీ పిల్లల ఆటల తీరును వర్గీకరించినప్పుడు, ఒంటరి ఆట, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకోవడం, కలిసి ఆడడం వంటివాటితో పాటు, ఇతరుల ఆటను చూస్తూ ఉండడానికి కూడా ఒక స్థానమిచ్చారు. చిక్కల్లా ఆ చూపు తర్వాత వేయవలసిన అడుగు దగ్గరే. మార్తా పుటల్లాజ్, జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ పరిశోధకులు 1981లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, తోటివారి ఆదరణ అంతగా లేని పిల్లలు ఆటలో చేరబోతూ తమ గురించి చెప్పుకోవడం, ప్రశ్నలు వేయడం, కాదని వాదించడం ఎక్కువగా చేస్తారు. అంటే సాగుతున్న ఆటను ఆపి తమ వైపు తిప్పుకోబోతారు.

అందుకే "వెళ్లి స్నేహం చేసుకో" అన్న సలహా నా దృష్టిలో సలహాయే కాదు. (పరిచయం లేని విందులో గోడవారగా నిలబడి ఫోను చూసుకునే మనం ఆ మాట అనడం మరీ విడ్డూరం.) ఇంట్లో నేనూ వాళ్ల నాన్నా కాలువ తవ్వేవాళ్లమయ్యాం; వాడు కాసేపు చూసి, "నన్ను చేర్చుకుంటారా?" అని అడగకుండా, ఒక చెంబుడు నీళ్లు తెచ్చి పోయడం సాధన చేశాడు. చేర్చుకోమని అడిగితే వద్దనడం తేలిక, నీళ్లు తెచ్చినవాణ్ణి పొమ్మనడం కష్టం.

గుంపు బెదిరిస్తే, ఒక్క బిడ్డను గంటసేపు ఇంటికి పిలవండి. మీవాడు పంచుకోలేని బొమ్మను ముందే దాచిపెట్టండి. ఇద్దరి చేతులకూ ఉమ్మడి పని ఏదైనా ఇవ్వండి. ఆట ఇంకా రంజుగా ఉండగానే ముగించండి.

ఒంటరిగా హాయిగా ఉండే బిడ్డ వేరు, చేరాలని ఉన్నా చేరలేని బిడ్డ వేరు. మొదటివాణ్ణి మన దిగులుతో వేధించకూడదు. రెండోవాడి విషయంలో వినికిడి లోపం, ఆటిజం, ఏకాగ్రత సమస్య వంటివి కారణం కావచ్చు కనుక, ఇబ్బంది ఎంతకీ తగ్గకపోతే నిపుణులకు చూపించాలి. ఎవరైనా ఏడిపిస్తున్నారని తెలిస్తే మాత్రం సాధనలు కట్టిపెట్టి వెంటనే ఉపాధ్యాయులతో మాట్లాడాలి. అప్పుడు మారవలసింది మన బిడ్డ కాదు.

మావాడికి రెండు నెలలు పట్టింది. ఒక సాయంత్రం నేనేమీ అడగకుండానే, "మేం తవ్విన కాలువలో నీళ్లు ఇంకిపోతున్నాయి, రేపు మేం అడుగున ప్లాస్టిక్ కవరు పరుస్తాం" అన్నాడు. మనం అనలేదు, మేం అన్నాడు. ఆ మాటలో నేను లేను. కవరు వెతికి వాడి సంచిలో పెట్టాను.