రక్తంలో ఈస్ట్ కనిపించినప్పుడు

సభకు నమస్కారం. చాలా రోజులుగా ఐసీయూలో ఉండి, సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసిన గొట్టం) ద్వారా పోషకాలు అందుకుంటూ, ఒకటి తర్వాత ఒకటిగా యాంటీబయాటిక్స్ వాడినా జ్వరం తగ్గని రోగి విషయంలో, మరో యాంటీబయాటిక్ రాసే ముందు క్యాండిడా అనే ఈస్ట్ (ఒక రకం శిలీంధ్రం) ఉందేమోనని ఆలోచించాలి. పేగుల్లోనూ చర్మం మీదా మామూలుగా ఉండే ఈ ఈస్ట్, పొట్టకు శస్త్రచికిత్స జరిగినప్పుడో, తెల్ల రక్తకణాలు బాగా పడిపోయినప్పుడో, సెంట్రల్ లైన్‌ను ఆసరా చేసుకునో రక్తంలోకి చేరుతుంది.

ఎక్కడ దొరికిందన్న దాన్ని బట్టే దీనికి విలువ కట్టాలి. కఫంలో పెరిగిన క్యాండిడా చాలావరకు గొంతులో తిష్ఠ వేసుకున్నదే తప్ప న్యుమోనియాకు కారణం కాదు. మూత్రంలో కనిపించి, లక్షణాలేవీ లేకపోతే, చాలామందికి కాథెటర్ (మూత్రపు గొట్టం) తీసేయడమే చాలు. రక్తం సంగతి వేరు: బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షలో, ఒక్క సీసాలో పెరిగినా, పొరపాటున కలిసిందిలే అని కొట్టిపారేయకూడదు. మనం తరచుగా దీన్ని తలకిందులుగా చేస్తున్నామని నా అభిప్రాయం. కఫం రిపోర్టు చూసి మందు మొదలుపెడతాం, రక్తం రిపోర్టు వస్తే మరోసారి పంపి చూద్దామని ఆగుతాం.

కల్చర్‌లో ఏమీ పెరగలేదంటే వ్యాధి లేదని కాదు, ఎందుకంటే దాదాపు సగం కేసులను అది పట్టలేదు, పట్టినా రెండు మూడు రోజులు తీసుకుంటుంది. శిలీంధ్రపు గోడలోని పదార్థాన్ని రక్తంలో వెతికే బీటా-డి-గ్లూకాన్ పరీక్ష నెగటివ్‌గా వస్తే మందు ఆపడానికి కొంత ధైర్యమిస్తుంది. పాజిటివ్‌ను మాత్రం అనుమానంతోనే చూడాలి, కొన్ని డయాలిసిస్ పొరలూ ఇమ్యునోగ్లోబ్యులిన్లూ కూడా అలాంటి ఫలితాన్నే ఇస్తాయి.

చికిత్సకు మొదట ఎంచుకోవలసింది ఎకైనోక్యాండిన్ అనే వర్గానికి చెందిన శిలీంధ్రనాశక మందు: ఉదాహరణకు క్యాస్పోఫంగిన్ మొదటి రోజు 70, ఆపైన రోజుకు 50 మిల్లీగ్రాములు. ఏ జాతి ఈస్టో, ఏ మందుకు లొంగుతుందో తెలిశాక, రోగి నిలకడగా ఉండి మళ్లీ తీసిన కల్చర్లు శుభ్రంగా వస్తే ఫ్లూకోనజోల్ అనే మరో శిలీంధ్రనాశక మందుకు మార్చవచ్చు, అయితే క్యాండిడా క్రూసీ అనే జాతి ఆ మందుకు స్వతహాగానే లొంగదు. లోతుగా పాకకపోతే చికిత్స 14 రోజులు, ఆ లెక్క మందు మొదలుపెట్టిన రోజు నుంచి కాక మొదటి నెగటివ్ కల్చర్ నుంచి వేయాలి. అందుకే రోజూ, లేదా రోజు విడిచి రోజు, రక్తం పంపాలి. లైన్ తీయగలిగితే వెంటనే తీయాలి.

కంటి పరీక్షను చాలామంది వాయిదా వేస్తారు. క్యాండిడా రెటీనాకు (కంటి లోపలి పొరకు) పాకి ఉంటే ఎకైనోక్యాండిన్ కంటిలోకి సరిగా చేరదు కనుక మందు మార్చాలి, చికిత్సను కనీసం నాలుగు నుంచి ఆరు వారాలకు పొడిగించాలి.