రెండు కార్డులు, ఒక్క మనిషి: కొటియా ఓటుపై చర్చ

(బరంపురం స్టూడియో. పాల్గొన్నవారు: పర్లాకిమిడి లాయర్, పాలిటిక్స్ చెప్పి రిటైరైన మాస్టారు, కొండ సంతల్లో పసుపు కొనే వ్యాపారి.)

యాంకర్: కోరాపుట్ జిల్లా కొటియా ఊళ్లు మావంటే మావని ఒడిశా, ఆంధ్రా రెండూ అంటున్నాయి. అక్కడ ఒకే మనిషికి ఒడిశా ఓటరు కార్డు, ఆంధ్రా కార్డు. లాయర్ గారూ, ఇది ప్రజాస్వామ్యమా, పథకాల కోసం ఆటా?

లాయర్: 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం, సెక్షన్ 17. ఒకరి పేరు ఒక్క నియోజకవర్గంలోనే ఉండాలి. అయిపోయింది. ఇంక చర్చ దేనికి?

మాస్టారు: ఆ రూలు ఎందుకు న్యాయమో అన్నది...

లాయర్: న్యాయం కాబట్టే చట్టమైంది మాస్టారూ!

మాస్టారు: చెప్పనివ్వండి. 1861లో జాన్ స్టూవర్ట్ మిల్ అనే ఇంగ్లిష్ తత్వవేత్త చదువుకున్నవాళ్లకి ఎక్కువ ఓట్లివ్వాలన్నాడు, పాలన బాగుపడుతుందని. మనం ఒప్పుకోలేదు. పాలన బాగున్నా లేకపోయినా, మనిషికి మనిషి సమానం కాబట్టి ఓటుకి ఓటు సమానం అన్నాం. 1949 నవంబర్ 25న అంబేద్కర్...

లాయర్: నేననేదీ అదే! ఒక మనిషి, ఒక ఓటు, ఒక విలువ. కొండ మీదాయన రెండేస్తే నా ఓటు సగమైపోలేదా?

మాస్టారు: అంబేద్కర్ ఆ మాట అన్నది బతుకులో ఉన్న అసమానత్వం గురించి...

(ఇద్దరూ ఒకేసారి. కాసేపు ఏమీ వినపడలేదు.)

యాంకర్: పథకాల సంగతికొద్దాం. వ్యాపారి గారూ, బియ్యం కోసమేనా?

వ్యాపారి: చూసింది చెప్తాను బాబూ. ఓ ముసలమ్మ పసుపు తూయించుకుని, డబ్బులు దాచుకోడానికి రొంటినున్న పాలిథిన్ కవరు తీసింది. అందులో రెండు కార్డులు. ఒకటి ఒడియా, ఒకటి తెలుగు. ఆవిడ మాట్లాడేది కువి, అక్కడి గిరిజన భాష. రెండూ చదవలేదు. ఏ కార్డు ఏ ఆఫీసులో చూపించాలని నన్నడిగింది. గుర్తుకి ఒడిశా కార్డుకి రబ్బరు బ్యాండు చుట్టిచ్చాను.

యాంకర్: అంటే పథకాల కోసమే!

వ్యాపారి: రెండు ప్రభుత్వాలూ నువ్వు నా మనిషివే అంటే ఆవిడేటి చేస్తుంది?

లాయర్: ఈ సరిహద్దు గొడవ 1968లో సుప్రీంకోర్టుకెక్కింది. 2006లో కేసు ముగిసింది, సరిహద్దు మాత్రం తేలలేదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెక్కింది. తేలేదాకా ఒక్క ఓటే!

మాస్టారు: ఏ రాష్ట్రంలో? ముడి అక్కడే ఉంది. ప్రభుత్వాన్ని ఓటుతో ఎన్నుకుంటాం. ఓటర్లెవరో తేల్చేదెవరు? అదీ ఓటుకే పెడదామంటే అందులో ఎవరెయ్యాలి? ఎవరి బతుకు మీద నిర్ణయం పడుతుందో వాళ్లని అడగాలన్నది ఒక సూత్రం. రెండు ప్రభుత్వాల నిర్ణయాలూ మీద పడేవాళ్లకి...

లాయర్: రెండు ఓట్లా? వంశధార మీద ఆంధ్రా నేరడి బ్యారేజీ కడితే మా ఒడిశా వాళ్ల మీదా పడుతుంది. శ్రీకాకుళంలో ఓటెయ్యమంటారా నన్ను?

మాస్టారు: ప్రశ్న మంచిదే. కానీ...

యాంకర్: అవునండీ, నేరడి ఎంతవరకొచ్చింది?

(తర్వాత చాలాసేపు ముంపు భూముల మీదే. మాస్టారి "కానీ" తర్వాతి మాట ఇక్కడే పోయింది.)

యాంకర్: టైమైపోయింది. కాబట్టి లాయర్ గారన్నట్టు ఒక మనిషికి ఒకే ఓటు...

మాస్టారు: అలాగని మేమెవరం తేల్చలేదు.

యాంకర్: ప్రేక్షకులే తేలుస్తారు. స్క్రీన్ మీద నంబరుంది. అవునంటే ఒకటి, కాదంటే రెండు నొక్కండి.

వ్యాపారి: ఒకళ్లు ఎన్నిసార్లు నొక్కొచ్చు సార్?

యాంకర్: ఎన్నిసార్లయినా నొక్కొచ్చండీ.