మేత లెక్క, పట్టుబడి లెక్క ఎక్కడ కలవాలి?

అందరికీ నమస్కారం. భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల ఫీడ్ షాపుల్లో, రొయ్యల కొనుగోలు ఆఫీసుల్లో లెక్కలు చూసేవాళ్లే ఇక్కడ ఎక్కువ. మీ కంప్యూటర్లో మేత ఇచ్చిన షీటు ఒకటి, పట్టుబడి షీటు ఒకటి ఉంటాయి. యజమాని అడిగే ప్రశ్నకు మాత్రం ఏ ఒక్క షీటులోనూ జవాబు దొరకదు: "ఆ చెరువుకు ఎంత మేత ఇచ్చాం, ఎంత రొయ్య వచ్చింది?"

అప్పుడు చాలామంది రెండు షీట్లనూ రైతు పేరు మీద నేరుగా కలిపేస్తారు. ఏమవుతుందో చూడండి. ఒక చెరువుకు వెయ్యేసి కిలోల మేత బిల్లులు మూడు ఉన్నాయనుకుందాం. పట్టుబడి రెండు దఫాలు: 1,200 కిలోలు, 800 కిలోలు. అంటే 3,000 కిలోల మేతకు 2,000 కిలోల రొయ్య, ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకు పట్టిన మేత; ఎంత తక్కువైతే అంత మేలు) 1.5. ఈ రెండు టేబుళ్లనూ ఎక్సెల్‌లోని పవర్ క్వెరీలో మెర్జ్ చేసి (అంటే ఒకటిగా కలిపి) విప్పితే ప్రతి మేత బిల్లూ ప్రతి పట్టుబడితో జతపడి ఆరు వరుసలవుతాయి. మేత రెట్టింపై 6,000, రొయ్య మూడింతలై 6,000, ఎఫ్‌సీఆర్ 1.0. వీలుకప్ (మరో టేబుల్లో వెతికి విలువ తెచ్చే ఎక్సెల్ ఫార్ములా) పెడితే మరో రకం తప్పు: మొదటి దఫా 1,200 దగ్గరే ఆగిపోతుంది, 800 కిలోలు లెక్కలోకే రావు. నాకు భయం వేసేది ఎర్రర్ రాకపోవడం వల్లే. 1.0 చూసి ఎవరైనా మురిసిపోతారు, ఆ రైతుకు వచ్చే పంటకు అరువు కూడా పెంచుతారు.

రెండు లావాదేవీల టేబుళ్లను ఎప్పుడూ నేరుగా ముడివేయకండి. మధ్యలో మూడో టేబుల్ పెట్టండి. ప్రతి పంటకూ అందులో ఒకే వరుస: పంట కోడ్, చెరువు, రైతు, ఊరు, సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన తేదీ. మేత బిల్లులోనూ పట్టుబడి బిల్లులోనూ ఆ కోడ్ ఉంటే చాలు. చెరువు కోడ్ ఎందుకు సరిపోదంటే, ఒకే చెరువులో ఏడాదికి రెండు పంటలు వేసేవాళ్లున్నారు. మొదటి పంట మేత రెండో పంట రొయ్య మీద పడుతుంది. పేరు అసలే పనికిరాదు, ఒకే ఊళ్లో ఒకే పేరున్న రైతులు ఎందరో ఉంటారు.

రిపోర్టులు తయారుచేసే పవర్ బీఐలో పంట టేబుల్ నుంచి మేత, పట్టుబడి టేబుళ్ల వైపు 'వన్ టు మెనీ' (ఒక పంటకు అనేక బిల్లులు) గీతలు గీయండి, ఆ గీతలే టేబుళ్లను కలిపే లంకెలు. ఫిల్టర్ ఒకటి వైపు నుంచి అనేకం వైపు పారుతుంది. పంటను ఎంచుకుంటే మేత, రొయ్య దేనికది విడిగా కూడుతుంది. అనేకం వైపు నుంచి వెనక్కి కూడా పారే రెండు దిశల ఫిల్టర్ జోలికి అవసరం లేకుండా పోవద్దు. పట్టికలను వాటిలోని విలువల ద్వారానే కలపాలన్న ఆలోచనను ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లోనే ప్రచురించారు. మన మేత బిల్లుకూ అదే వర్తిస్తుంది.

తేదీలకూ ఒక టేబుల్ కావాలి, మధ్యలో ఒక్క రోజూ జారకుండా. బిల్లులో మేత ఇచ్చిన తేదీ, డబ్బు కట్టాల్సిన గడువు తేదీ రెండూ ఉంటే తేదీల టేబుల్ నుంచి రెండు గీతలూ గీయవచ్చు, మామూలుగా పనిచేసేది ఒక్కటే. రెండోది కావాలంటే పవర్ బీఐ ఫార్ములాలో క్యాలిక్యులేట్ ఫంక్షన్ లోపల యూజ్‌రిలేషన్‌షిప్ అనే ఫంక్షన్ వాడాలి.

ఊళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు మారాయి. కైకలూరు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి, అమలాపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమలోకి వెళ్లాయి. ప్రతి బిల్లులోనూ జిల్లా పేరు టైపు చేసినవాళ్లకు ఒకే ఊరు రెండు జిల్లాల కింద చీలిపోయింది. ఊళ్ల టేబుల్ విడిగా ఉన్నవాళ్లు అక్కడొక్కచోట మారిస్తే సరిపోతుంది. 'పాత జిల్లా' అని ఇంకో కాలమ్ ఉంచుకోండి, 2021తో పోల్చమని అడిగినప్పుడు కావాలి.

గీతలన్నీ గీశాక రిపోర్టులో పంట కోడ్ వారీగా మేత మొత్తం పెట్టి చూడండి. కోడ్ లేకుండా 'బ్లాంక్' అని ఒక వరుస కనిపిస్తే, పంట టేబుల్లో లేని కోడ్‌తోనో, అసలు కోడే వేయకుండానో బిల్లులు పడ్డాయన్నమాట. ఆ బిల్లులు తీసి, గుమస్తాను పక్కన కూర్చోబెట్టుకుని కోడ్‌లు సరిచేయండి. ఆ వరుస పోయాకే యజమానికి పంపండి.