వెయ్యి కాపీల సినిమా

సభకు నమస్కారం. అధ్యక్షులవారికీ నిర్వాహకులకూ కృతజ్ఞతలు. మర్యాదలు ఇక్కడితో ఆపేస్తాను, చెప్పాల్సింది ఇచ్చిన సమయంలో పట్టేలా లేదు.

చిన్న డిస్క్ లేబుళ్లు, అంటే సినిమాలను బ్లూరే, డీవీడీ డిస్కులుగా తెచ్చే చిన్న సంస్థలు, ఆడే సినిమాలనూ అరుదైన సినిమాలనూ ఎలా తూకం వేస్తాయన్నది ఇవాళ్టి అంశం. ఆడే సినిమా సంపాదిస్తుంది, అరుదైన సినిమా ఖర్చుపెడుతుంది అని ఒక్క ముక్కలో తేల్చేయడం అందరికీ అలవాటు. అమెరికా లేబుల్ క్రైటీరియన్ కేటలాగులో జపాన్ దర్శకుడు ఓజు, ఫ్రెంచి దర్శకుడు బ్రెస్సాన్ సినిమాల సరసన హాలీవుడ్ భారీ సినిమా ఆర్మగెడ్డాన్ ఎందుకుందంటే కూడా ఇదే జవాబు. ఆ లేబుల్ 1984లో లేజర్ డిస్కులతో మొదలైననాడే సిటిజన్ కేన్‌తో పాటు కింగ్ కాంగ్‌నూ తెచ్చింది. కాబట్టి తూకం పాతదే. జవాబు మాత్రం సగమే నిజం. మిగతా సగం ఖర్చు ఎక్కడ పుడుతుందో చూస్తే తెలుస్తుంది.

పేరున్న సినిమాకు లైసెన్సు ఖరీదు. రాయల్టీకి ముందే కనీస హామీ మొత్తం కట్టాలి. కానీ పని తక్కువ. శుభ్రం చేసి, రంగులు సరిదిద్దిన మాస్టర్, అంటే డిస్కుకు సిద్ధమైన తుది ప్రతి, స్టూడియో నుంచే హార్డ్ డ్రైవులో వస్తుంది. అరుదైన సినిమాకు లైసెన్సు చవక, వచ్చేవి మాత్రం డబ్బాల్లో రీళ్లు. అసలు నెగెటివ్ ఉందో లేదో వెతకాలి. అది లేకపోతే ఇంటర్‌పాజిటివ్, అంటే నెగెటివ్ నుంచి తీసిన నడిమి ప్రతి, అదీ లేకపోతే ప్రదర్శన ప్రింటు. ఒక్కో మెట్టు దిగిన కొద్దీ బొమ్మలో వివరం పోతుంది, కాంట్రాస్టు పెరుగుతుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన కొడితే ఎసిటేట్ ఫిల్మ్ కుళ్లుతోందన్నమాట. 2012లో మొదలైన వెనిగర్ సిండ్రోమ్ లేబుల్ పేరు ఆ జబ్బుదే. కుళ్లిన ఫిల్మ్ కుంచించుకుపోతుంది, వంకర తిరుగుతుంది. పళ్ల చక్రం మీద నడిపితే రంధ్రాలు చినుగుతాయి. అందుకే రోలర్ల మీద నడిచే స్కానరే కావాలి.

ఇక లెక్క వినండి. తొంభై నిమిషాల సినిమాలో 1,29,600 ఫ్రేములు. 4కేలో, అంటే అడ్డంగా నాలుగువేల చుక్కలతో, రంగుకు 10 బిట్లలో స్కాన్ చేస్తే ఒక్కో ఫ్రేము దాదాపు 51 మెగాబైట్లు, మొత్తం ఆరున్నర టెరాబైట్లకు పైనే. రెండో ప్రతి దాచుకుంటే పదమూడు. ఆ తర్వాత దుమ్ము, గీతలు తీయాలి. సాఫ్ట్‌వేరును దానిమానాన వదిలేస్తే వాన చినుకుల్నీ నిప్పురవ్వల్నీ దుమ్మనుకుని తుడిచేస్తుంది. మనిషి కూర్చుని షాటు షాటుకూ చూడక తప్పదు.

వెయ్యిమంది కొనే సినిమాకూ ఐదువేలమంది కొనే సినిమాకూ ఈ పని ఒక్కటే. వెయ్యి కాపీలకు పంచినప్పుడు కాపీ మీద పడే భారం మాత్రం ఐదు రెట్లు. నా మాటల్లో ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు: తక్కువమంది చూసే సినిమాకే ఒక్కో కాపీకి ఎక్కువ పని పడుతుంది.

దీనికి లేబుళ్లు కనిపెట్టిన ఉపాయాలు కొన్ని మీకు తెలిసినవే. ముందు గట్టి పెట్టె, బుక్‌లెట్‌తో పరిమిత ముద్రణ, ఆ తర్వాత మామూలు ముద్రణ. 2011 నుంచి 2020 దాకా నడిచిన ట్వైలైట్ టైమ్ లేబుల్ ప్రధానంగా మూడువేల కాపీల పరిమితి మీదే బతికింది. ఇంకోటి, నాలుగైదు సినిమాలు కట్టగట్టడం. క్రైటీరియన్ 2007లో మొదలుపెట్టిన ఎక్లిప్స్ పెట్టెల్లో అదనపు హంగులు ఉండవు, సినిమాలే ఉంటాయి. అదీ నిజాయితీ గల పద్ధతే. హంగులు తగ్గించారు, సినిమా అందించారు.

అయితే పేరున్న సినిమా మీద పూర్తిగా ఆనుకోకూడదు. అది అరువు సొమ్ము. లైసెన్సు సాధారణంగా ఐదేళ్లో ఏడేళ్లో ఉంటుంది. ఆ సినిమా బాగా అమ్ముడైందంటే, గడువు తీరగానే స్టూడియో తనే 4కేలో వేసుకుంటుంది, లేదా వేలంలో ఎక్కువ పాడినవారికి ఇస్తుంది. ఎవరూ అడగని సినిమానే లేబుల్ దగ్గర నిలుస్తుంది, దాని పేరు నిలబెడుతుంది.

ఇక్కడ బాక్సు సెట్ల ధరల గురించి మాట్లాడాలనుకున్నాను. దాన్ని వదిలేస్తున్నాను. అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది, సబ్‌టైటిళ్లు. అరుదైన సినిమాకు డబ్బు చాలనప్పుడు మొదటి కోత పడేది వాటి మీదే. పెట్టె మీద బంగారు అక్షరాలు తగ్గవు, పెట్టె పైన తొడిగే స్లిప్‌కవర్ తగ్గదు, అనువాదం తగ్గుతుంది. ఇది అన్యాయం. భాష రాని ప్రేక్షకుడికి సబ్‌టైటిలే సినిమా.

ఏం జరుగుతుందో చెబుతాను. పాత పాల్ టేపు (పాల్ అంటే మన దేశంలో, యూరప్‌లో వాడిన టీవీ పద్ధతి) కోసం చేసిన సబ్‌టైటిల్ ఫైలును కొత్త స్కానుకు అతికిస్తారు. పాల్‌లో సెకనుకు 25 ఫ్రేములు, సినిమాలో 24. తొంభై నిమిషాల సినిమా పాల్‌లో 86 నిమిషాల 24 సెకన్లకే అయిపోతుంది. మొదటి మాట సరిగ్గానే పడుతుంది, చివరికొచ్చేసరికి మూడున్నర నిమిషాల తేడా. అంత తేడాను ఎవరైనా పట్టుకుంటారు, ప్రతి సమయాన్నీ 25తో గుణించి 24తో భాగిస్తే సరిపోతుంది కూడా. పట్టుకోలేనిది వేరే ఉంది. పాత టేపులో కత్తిరించిన షాట్లు కొత్త నెగెటివ్‌లో ఉంటాయి. అక్కడి నుంచి రెండు సెకన్లు జారుతుంది, ఇంకో రీలులో మళ్లీ జారుతుంది. తొంభై నిమిషాల సినిమాకు రీళ్లు ఐదు దాకా ఉంటాయి. ప్రతి రీలు మొదలూ చివరా భాష తెలిసిన మనిషి చూడాలి. ఉత్తరాలు, దుకాణం బోర్డులు, పాటలు అనువదించకుండా వదిలేయడం మరో జబ్బు. మూల భాష నుంచి కాక మరో భాషలోని అనువాదం నుంచి అనువదించడం అన్నిటికంటే పెద్ద జబ్బు. అందులో వెటకారం పోతుంది, చుట్టరికాలు పోతాయి, ఎవరు ఎవరికి మర్యాద ఇచ్చి మాట్లాడుతున్నారో తెలియకుండా పోతుంది.

బ్లూరేలో సబ్‌టైటిళ్లు సాధారణంగా అక్షరాలుగా ఉండవు, బొమ్మలుగా ముద్రితమై ఉంటాయి. డిస్క్ ఒత్తాక ఒక్క అక్షరం మార్చాలన్నా కొత్త మాస్టర్ చేసి, మళ్లీ ఒత్తించి, కొన్నవారందరికీ మార్చి పంపాలి. వెయ్యి కాపీల సినిమాకు ఆ ఖర్చు ఎక్కడినుంచి తెస్తారు? అందుకే తప్పు అలాగే ఉండిపోతుంది.

అయ్యా, అమ్మా, మీలో రెండు మూడు భాషలు వచ్చినవారు ఉన్నారు. మీ భాష సినిమా వస్తోందని ప్రకటించిన రోజే ఆ లేబుల్‌కు రాయండి, చెక్ డిస్క్, అంటే ఒత్తేముందు సరిచూసుకునే నమూనా, చూసిపెడతామని. తప్పు కనబడితే "అనువాదం బాలేదు" అని ఊరుకోకండి. గంట, నిమిషం, సెకను, తెర మీద ఏముంది, ఏముండాలి, ఈ నాలుగూ రాయండి. అలా రాస్తేనే సరిదిద్దే మనిషికి పని జరుగుతుంది.

సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. కొనడం గురించి ఒక్క మాట. దుకాణం ద్వారా అమ్మితే పంపిణీదారు వాటా పోను, అమ్ముడుపోనివి చాలాసార్లు వెనక్కి వస్తాయి. లేబుల్ దగ్గర నేరుగా కొంటే ఆ రెండు నష్టాలూ ఉండవు. ఎన్ని ఒత్తించాలో నిర్ణయించేది ముందస్తు ఆర్డర్లే. తక్కువ ఒత్తిస్తే ఏడాది తిరిగేసరికి దొరకదు, ఎక్కువ ఒత్తిస్తే లైసెన్సు ముగిశాక కొన్ని నెలల అమ్మకపు గడువే ఉంటుంది. ఆ గడువూ దాటితే గోడౌనులో మిగిలినవాటిని ఒప్పందం ప్రకారం ధ్వంసం చేయాల్సి రావచ్చు. పేరున్న సినిమా ఎప్పుడైనా దొరుకుతుంది, దాన్ని తర్వాత కొనండి. పేరు తెలియనిదాన్ని ఆర్డర్లు మూసేలోపు కొనండి.