పాలవాడికి ఎవరూ చెప్పలేదు: ఆన్ చేయగానే వచ్చే ఆ బాక్స్ కథ

హోస్ట్: నమస్కారం. ఈ వారం రికార్డింగ్ మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర. టేబుల్ మీద నా లాప్‌టాప్, రెండు టీలు. ఎదురుగా మా బాబాయ్. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే సర్దుకుపోండి, పప్పు ఉడుకుతోంది. బాబాయ్ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఇరవై ఏళ్ళు కంప్యూటర్లు రిపేర్ చేశాడు...

బాబాయ్: ఇరవై రెండు.

హోస్ట్: ఇరవై రెండేళ్ళు. నా బాధేంటంటే, మూడు నెలలుగా లాప్‌టాప్ ఆన్ చేయగానే ఒక బాక్స్ వస్తోంది. ఓకే కొడితే పోతుంది. మర్నాడు మళ్ళీ వస్తుంది.

బాబాయ్: అందులో ఏం రాసుంది?

హోస్ట్: ఏదో ఎర్రర్.

బాబాయ్: ఇదిగో, ఇదే. షాపుకొచ్చినవాళ్ళలో సగం మంది ఈ మాటే అనేవాళ్ళు. డాక్టర్ దగ్గరికి వెళ్ళి "ఎక్కడో నొప్పి" అంటే ఆయన ఏం రాసిస్తాడు? మూడు నెలలు రోజూ చూస్తూ ఒక్కసారైనా చదవలేదా తల్లీ?

హోస్ట్: చదివేలోపే ఓకే కొట్టేస్తాను బాబాయ్. అవతల మీటింగ్‌కి టైమైపోతుంటుంది.

బాబాయ్: సరే, ఇప్పుడు ఆన్ చెయ్యి. బాక్స్ వచ్చాక మౌస్ ముట్టుకోకు. ముందు ఫోన్ తీసి ఫోటో కొట్టు.

హోస్ట్: వచ్చింది. తీశాను. పైన "రన్‌డీఎల్‌ఎల్" అని ఉంది. కింద "దేర్ వాజ్ ఎ ప్రాబ్లమ్ స్టార్టింగ్", ఆ తర్వాత సి డ్రైవ్, యూజర్స్, నా పేరు, యాప్‌డేటా, రోమింగ్, ఒక ఫోల్డర్, దానికి గజిబిజిగా ఎనిమిది అక్షరాలు, చివర డాట్ డీఎల్‌ఎల్. దాని కింద "ది స్పెసిఫైడ్ మాడ్యూల్ కుడ్ నాట్ బి ఫౌండ్".

బాబాయ్: పని సగం అయిపోయింది. పైన పట్టీ మీద ఉన్న పేరు, మాట్లాడుతున్నది ఎవరో చెబుతుంది. రన్‌డీఎల్‌ఎల్ అంటే విండోస్ సొంత మనిషే. డీఎల్‌ఎల్ అంటే వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్ ఉన్న ఫైల్. అది తనంతట తాను నడవలేదు, ఎవరో ఒకరు ఎత్తుకుని నడిపించాలి. ఆ కూలీ పేరే రన్‌డీఎల్‌ఎల్32. పాపం వాడు చెప్పేదేంటంటే, "నన్ను ఫలానా ఫైల్ లేపమన్నారు, వెళ్ళి చూస్తే అక్కడ ఎవరూ లేరు" అని.

హోస్ట్: అంటే వైరస్ కాదా? నేను వైరస్ అనుకునే భయపడుతున్నాను.

బాబాయ్: వైరస్ ఉండి ఉండొచ్చు, ఆ ఫైల్ మాత్రం ఇప్పుడు అక్కడ లేదు. మూడు నెలల కింద ఏం జరిగింది? ఏదైనా కొత్తది ఎక్కించావా? యాంటీవైరస్ ఏమైనా అరిచిందా?

హోస్ట్: మా వాడు స్కూల్ ప్రాజెక్ట్ కోసం పీడీఎఫ్‌లు కలిపే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఏదో డౌన్‌లోడ్ చేశాడు. రెండు రోజులకి యాంటీవైరస్ ఎర్రగా ఏదో చూపించింది. రిమూవ్ కొట్టాను.

బాబాయ్: అంతే కథ. అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు, పాలవాడికి మాత్రం ఎవరూ చెప్పలేదు. వాడి లిస్టులో ఈ ఇంటి నంబరు ఉంది. రోజూ పొద్దున్నే వచ్చి తలుపు కొడతాడు, పలికేవాళ్ళు ఉండరు, వీధంతా వినపడేలా అరుస్తాడు. నువ్వు బయటికొచ్చి "సరేలే వెళ్ళు" అంటావు. వెళ్తాడు. రేపు మళ్ళీ వస్తాడు.

హోస్ట్: (నవ్వు) నేను మూడు నెలలుగా పాలవాడికి ఓకే చెబుతున్నాను.

బాబాయ్: యాంటీవైరస్ ఫైల్ని తీసేసింది కానీ, దాన్ని రోజూ పిలవమని రాసిపెట్టిన చీటీ చింపలేదు. కొన్నిసార్లు అలా మిగిలిపోతుంది. దొంగ సాఫ్ట్‌వేర్ అయితేనే ఇలా అనుకోకు. పాత ప్రింటర్ సాఫ్ట్‌వేర్ సరిగ్గా అన్‌ఇన్‌స్టాల్ కాకపోయినా ఇదే బాక్స్ వస్తుంది. అడ్రస్ చూసి కొంత పోల్చుకోవచ్చు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో, తెలిసిన కంపెనీ పేరుతో ఫోల్డర్ ఉంటే పెద్దగా కంగారు అక్కర్లేదు. యాప్‌డేటాలో, అంటే ప్రోగ్రామ్‌లు మన పేరు మీద సామాన్లు పెట్టుకునే ఫోల్డర్లో, గజిబిజి పేరుంటే అనుమానించాలి. అలాగని యాప్‌డేటా అంటే దొంగల గుహ అని కాదు, జూమ్ లాంటి మంచివి కూడా అక్కడ కూర్చుంటాయి.

హోస్ట్: ఒక సంగతి చెప్పనా, తిట్టకు. నిన్న రాత్రి ఆ డీఎల్‌ఎల్ పేరు కొట్టి వెతికాను. "మీ మిస్సింగ్ ఫైల్ ఇక్కడ ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోండి" అని ఒక సైట్ వచ్చింది. కొట్టబోయి ఆగాను.

బాబాయ్: ఆగి మంచిపని చేశావు! వెళ్ళిపోయిన దొంగని మళ్ళీ పిలిచి తాళం చెవి ఇచ్చినట్టు అయ్యేది. ఫైల్ లేదంటే ఫైల్ తెచ్చిపెట్టడం కాదు, పాలవాడి లిస్టులోంచి పేరు కొట్టెయ్యాలి. ఆ లిస్టు ఎక్కడుందో వెతకాలి. విండోస్‌లో ఇలాంటి లిస్టులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. చిక్కంతా అక్కడే.

హోస్ట్: ముందు టాస్క్ మేనేజర్ కదా?

బాబాయ్: ఆ. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. స్టార్టప్ యాప్స్ తెరువు. విండోస్ 8 నుంచి ఈ లిస్టు ఇక్కడికొచ్చింది, అంతకుముందు ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ పనిముట్టులో ఉండేది. ఇప్పుడు పైన కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి "కమాండ్ లైన్" టిక్ పెట్టు.

హోస్ట్: ఓహో, ఇప్పుడు ప్రతిదాని పక్కనా పూర్తి అడ్రస్ కనిపిస్తోంది. ఇన్నేళ్ళలో ఇది చూడనే లేదు.

బాబాయ్: ఎవరూ చూడరు. అది లేకపోతే ఇక్కడ మోసపోతాం. రన్‌డీఎల్‌ఎల్‌తో నడిచేవి ఈ లిస్టులో "విండోస్ హోస్ట్ ప్రాసెస్" అని పెద్దమనిషి పేరుతో ఉంటాయి, పబ్లిషర్ దగ్గర మైక్రోసాఫ్ట్ అని ఉంటుంది. కూలీ మైక్రోసాఫ్ట్ వాడే కదా మరి. మోస్తున్న మూటలో ఏముందో కమాండ్ లైన్ చూస్తేనే తెలుస్తుంది. నీ ఎనిమిది అక్షరాలు ఉన్నాయా?

హోస్ట్: లేవు. ఇక్కడ చాట్ యాప్, ఆడియో డ్రైవర్, క్లౌడ్ డ్రైవ్, అంతే.

బాబాయ్: విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి "షెల్ కోలన్ స్టార్టప్" అని కొట్టు. ఫోల్డర్ తెరుచుకుంటుంది, అదీ ఆన్ చేయగానే నడిచేవాటి లిస్టే. ఖాళీనా?

హోస్ట్: ఖాళీ.

బాబాయ్: అయితే వెతుకులాట ఆపి ఆటోరన్స్ తెచ్చుకుందాం. ఈ లిస్టులన్నీ ఒకేచోట పరిచి చూపిస్తుంది. మార్క్ రసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అని ఇద్దరు 1996లో మొదలుపెట్టిన సైట్, తర్వాత సిస్‌ఇంటర్నల్స్ అని పేరు పడింది, అక్కడిదే ఈ పనిముట్టు. 2006లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ కంపెనీనే కొనేసింది. ఇప్పటికీ ఫ్రీనే. కాకపోతే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దించు, పైన ప్రకటనల్లో వచ్చేవి నొక్కకు. ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. జిప్ విప్పి, రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్.

హోస్ట్: అమ్మో! ఇన్ని లైన్లా? స్క్రోల్ చేస్తుంటే అయిపోవడం లేదు.

బాబాయ్: భయపడకు. ఆప్షన్స్‌లో "హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్" పెట్టు. ఊళ్ళోవాళ్ళంతా పక్కకి తప్పుకుంటారు, బయటినుంచి వచ్చినవాళ్ళే మిగులుతారు.

హోస్ట్: తగ్గాయి. ఇక్కడ రెండు గులాబీ రంగులో ఉన్నాయి. ఒకటి పసుపు.

బాబాయ్: గులాబీ అంటే తయారుచేసిందెవరో సరైన సంతకం లేదని. దానంతమాత్రాన తప్పు కాదు, చిన్న చిన్న కంపెనీలవి అలా ఉంటాయి. మనకి కావల్సింది పసుపు. పసుపు అంటే పిలుపు ఉంది, ఫైల్ లేదు. చదువు.

హోస్ట్: "ఫైల్ నాట్ ఫౌండ్", సి డ్రైవ్, యూజర్స్, నా పేరు, యాప్‌డేటా, రోమింగ్... బాబాయ్, ఇదే! ఆ ఎనిమిది అక్షరాలే!

బాబాయ్: ఏ హెడ్డింగ్ కింద ఉంది?

హోస్ట్: టాస్క్ షెడ్యూలర్.

బాబాయ్: చూశావా. స్టార్టప్ లిస్టులో పెడితే నువ్వు చూస్తావని, షెడ్యూల్ చేసే పనుల్లో దాక్కుంది. ఎవరు లాగిన్ అయినా నన్ను లేపు అని రాసుకుంది. ముందున్న టిక్ తీసెయ్యి. డిలీట్ ఇప్పుడే వద్దు. టిక్ తీస్తే నిద్రపోతుంది, అవసరమైతే మళ్ళీ లేపుకోవచ్చు. వారం చూసి, ఏ ఇబ్బందీ లేకపోతే అప్పుడు డిలీట్ చేద్దువుగాని. ఇప్పుడు రీస్టార్ట్ కొట్టు.

హోస్ట్: కొట్టాను. అయ్యో... అప్‌డేట్లు మొదలుపెట్టింది. పన్నెండు శాతం అట.

బాబాయ్: (నవ్వు) మంచిది, టీ తాగుదాం.

హోస్ట్: అప్పటిదాకా ఒక ప్రశ్న. షాపులో ఎక్కువగా వచ్చిన పాపప్ ఏది?

బాబాయ్: కాలాన్ని బట్టి. పెన్‌డ్రైవ్‌ల రోజుల్లో "విండోస్ స్క్రిప్ట్ హోస్ట్" అని బాక్స్ వచ్చేది, ఫలానా డాట్ వీబీఎస్ ఫైల్, అంటే ఒక చిన్న స్క్రిప్ట్, కనపడటం లేదని. కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాప్ ఉంటుంది చూడు, పిల్లలందరూ అదే సిస్టమ్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి ప్రింట్ తీసుకుని, రోగం ఇంటికి మోసుకెళ్ళేవాళ్ళు. అక్కడా ఇదే పాలవాడి కథ: ఫైల్ పోయింది, పిలుపు మిగిలింది. 2011లో పాత విండోస్‌లకి కూడా మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ పంపి, పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే నడిచే పద్ధతి ఆపించింది. తర్వాత ఆ గోల తగ్గింది.

హోస్ట్: మరి ఇప్పుడు?

బాబాయ్: ఇప్పుడంతా బ్రౌజర్. ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. ఆన్ చేసిన రెండు నిమిషాలకి కుడివైపు కింద మూలన "మీ కంప్యూటర్‌లో ఐదు వైరస్‌లు" అని వస్తోందట. ఎక్కడో డబ్బు తీసుకుని ఫార్మాట్ కూడా చేసిచ్చారు. మనవరాలి ఫోటోలు పోయాయి. నెల తిరక్కుండా మెసేజ్ మళ్ళీ మొదలైంది.

హోస్ట్: అయ్యో. ఫార్మాట్ చేసినా మళ్ళీ ఎలా వచ్చింది?

బాబాయ్: ఆయన రోజూ చూసే సైట్లలో ఒకటి "మీరు రోబో కాదని చూపించడానికి అలౌ నొక్కండి" అంటోంది. ఈయన మర్యాదస్తుడు, నొక్కుతారు. అలౌ అంటే ఆ సైట్ నోటిఫికేషన్లు పంపుకోవడానికి అనుమతి. వైరస్ లేదు, పాడు లేదు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అలౌ కింద ఉన్న ఆ సైట్ పక్కన మూడు చుక్కలు నొక్కి తీసేశాను. నిమిషం పని. దానికోసం ఆ ఫోటోలు పోగొట్టుకున్నారు. నాకిప్పటికీ కోపం వస్తుంది. ఒక్క పాపప్‌కి ఫార్మాట్ చెయ్యాలి అన్నవాడి దగ్గర్నుంచి లేచి వచ్చెయ్యండి.

హోస్ట్: స్క్రీన్ నిండా నీలంగా వచ్చి, సైరన్ మోగుతూ, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అనేది?

బాబాయ్: చెయ్యకూడదు. అసలు మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లో ఫోన్ నంబరే ఉండదు. నంబరు కనిపించిందంటే దొంగ, అంతే. ఎస్కేప్ కాసేపు నొక్కి పట్టుకో, లేదా టాస్క్ మేనేజర్ తెరిచి బ్రౌజర్ని ఎండ్ టాస్క్ చెయ్యి. మళ్ళీ తెరిచినప్పుడు "రిస్టోర్ పేజెస్" అంటుంది, ఒప్పుకోకు. ఎవరైనా అప్పటికే ఫోన్ చేసి డబ్బులు పోగొట్టుకుంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టాలి.

హోస్ట్: అరవై ఎనిమిది శాతం. ఇంకో చికాకు బాబాయ్: "లెట్స్ ఫినిష్ సెట్టింగ్ అప్ యువర్ పీసీ" అని స్క్రీన్ అంతా వస్తుంది. వద్దు అనే బటనే లేదు, "మూడు రోజుల్లో గుర్తుచెయ్యి" అని ఉంటుంది.

బాబాయ్: అది సాక్షాత్తూ మైక్రోసాఫ్ట్ వాడి ముచ్చట. పెళ్ళి సంబంధం వద్దన్నా మళ్ళీ ఫోన్ చేసే పేరయ్యలాగా. సెట్టింగ్స్‌లో సిస్టమ్, నోటిఫికేషన్స్, అడుగున అడిషనల్ సెట్టింగ్స్ ఉంటాయి, అక్కడి టిక్‌లు తీసేస్తే ఊరుకుంటుంది. కంపెనీవాళ్ళేం తక్కువ తినలేదు. 2017లో గంటకోసారి నల్ల కిటికీ ఒకటి మెరిసి మాయమయ్యేది. జనం హ్యాక్ అయ్యిందనుకున్నారు. తీరా చూస్తే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న షెడ్యూల్ పని. తర్వాతి అప్‌డేట్‌లో సరిచేశారు.

హోస్ట్: ఆగు ఆగు, వస్తోంది. లాగిన్ అవుతున్నా. వాల్‌పేపర్ వచ్చింది... ఐకాన్లు వచ్చాయి... (కుక్కర్ విజిల్)

బాబాయ్: ఏదీ, బాక్స్?

హోస్ట్: రాలేదు.

బాబాయ్: ఇంకో నిమిషం చూడు.

హోస్ట్: రాలేదు బాబాయ్. కానీ నువ్వు చూశావా? నా వేలు అప్పుడే వెళ్ళి ఎంటర్ కొట్టేసింది.