పాత తుపాకి మోతకు కారణం ఏమిటి?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలచుకోవలసి ఉన్నా, సమయం స్వల్పం కనుక నేరుగా విషయంలోకి వస్తున్నాను.

దసరా ఆయుధపూజలో మన వరంగల్, జనగామ ప్రాంతాల కొన్ని ఇళ్లలో తాతల నాటి జంట గొట్టాల తుపాకులకు నేటికీ పసుపు కుంకుమలు పెడతారు. వాటి మోత గంభీరంగా ఉంటుందని, అది అలల చారలు కనిపించే డమాస్కస్ ఉక్కు మహిమ అని చెప్పుకుంటారు. మోత వేరన్నది నిజమే గాని, ఉక్కు అందుకు కారణం కాదు.

సీసపు గుళ్లు గొట్టం దాటిన మరుక్షణం వాటి వెనుకనున్న వాయువు ఒక్కసారిగా విచ్చుకొని బయటి గాలిని నెడుతుంది. మనకు వినిపించే మోత ముఖ్యంగా అదే. సురేకారం, బొగ్గు, గంధకం 75, 15, 10 పాళ్లలో కలిపిన పాత తుపాకి మందు కాలినప్పుడు సగానికి పైగా పొగగా, మసిగా మిగులుతుంది. పీడనం తక్కువ కనుక మోత బరువుగా, మందంగా వస్తుంది. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే తయారుచేసిన పొగరాని మందుతో మొదలైన కొత్త తరం తూటాలలో అదే మోత చెవిని చీల్చేలా మారింది. గొట్టం 30 అంగుళాలు ఉంటే వాయువు లోపలే ఎక్కువగా వ్యాకోచించి మూతి దగ్గర మెత్తబడుతుంది. పొట్టి గొట్టం మోత కటువు. యంత్రాంగానికీ తన శబ్దం ఉంది: అమెరికా తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ 1900లో పేటెంటు పొందిన, తనంతట తానే తర్వాతి తూటా నింపుకునే ఆటో-5 తుపాకిలో గొట్టమే వెనక్కి జరిగి తిరిగి ముందుకు వస్తుంది కనుక, పేలుడు వెంటనే ఇనుము ఇనుమును తాకిన చప్పుడు వినబడుతుంది.

ఇక ఉక్కు సంగతి. మన ఇళ్లలోని డమాస్కస్ గొట్టాలు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్, బెల్జియంలోని లీజ్ వంటి నగరాలలో ఇనుప, ఉక్కు పట్టీలను మెలివేసి, చుట్టి, కాల్చి అతికించినవి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించిన ఉక్కు పూర్తిగా వేరు. పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయిన ఆ ఉక్కుకు కీర్తి తెచ్చినది డమాస్కస్ కత్తి, తుపాకి కాదు. చేయని పనిని దానికి అంటగట్టి, చేసిన ఘనకార్యాన్ని మరిచిపోవడం నన్ను బాధిస్తుంది.

అయ్యా, నేనిక్కడికి వచ్చిన అసలు కారణం మరొకటి. మా మేనమామ ఒక పెండ్లిలో ఆ మోత వినిపించాలని, ఏ తూటా అయినా పడుతుందన్న దుకాణదారు మాట నమ్మి, తూటా కూర్చునే 65 మిల్లీమీటర్ల అరలో 70 మిల్లీమీటర్ల కొత్త తూటా పెట్టి పేల్చాడు. పేలినప్పుడు తూటా మూతి విచ్చుకోవడానికి చోటు లేక పీడనం పెరిగి, అతుకుల గొట్టం పగిలింది. దానిని పట్టుకున్న ఎడమ చేతి రెండు వేళ్లు పోయాయి. వేడుకలో కాల్పులు 2019 ఆయుధాల సవరణ చట్టం ప్రకారం రెండేళ్ల వరకు జైలుకు దారితీసే నేరం కూడా. అమ్మలారా, అయ్యలారా, చేతులు జోడించి వేడుకుంటున్నాను: మోత కోసం వాటిని పేల్చకండి.

మీ ఇంటి తుపాకి స్థితి తెలియాలంటే లైసెన్సున్న మిస్త్రీ చేత గొట్టాలు విడదీయించి, వేలాడదీసి, చెక్కతో మెల్లగా తట్టించండి. గంటలా మోగితే రెండు గొట్టాలనూ కలిపే పట్టీ అతుకు గట్టిగా ఉందని, బొంగురుగా పలికితే వదులైందని ఆయన చెప్తాడు. గంటలా మోగినంత మాత్రాన కొత్త తూటాకు అది తట్టుకుంటుందని అర్థం కాదు.