పద్యం వచ్చినప్పుడు ఫోన్ ఇవ్వకండి

అందరికీ నమస్కారం. సభలో చిన్నపిల్లల తల్లిదండ్రులే ఎక్కువ కనిపిస్తున్నారు కాబట్టి, పిల్లల్ని సురభి నాటకానికి ఎలా తీసుకెళ్ళాలో చెబుతాను; కుటుంబాలే నడిపే ఆ నాటక సమాజం చరిత్రంతా ఏకరువు పెట్టను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి వాళ్ళు 'కీచకవధ' ఆడారు. అంతకుముందు వాళ్ళది తోలుబొమ్మలాట. తెర వెనక బొమ్మల్ని ఆడించిన కుటుంబమే తర్వాత తెర ముందుకు వచ్చింది. ఈపూటకి ఇంత చాలు.

మీ అనుమానం నాకు తెలుసు. అయిదేళ్ళ పిల్లాడు అంతసేపు కుదురుగా కూర్చుంటాడా? 'మాయాబజార్' అయితే భేషుగ్గా కూర్చుంటాడు. నారదుడు మబ్బుల మీద దిగుతాడు. ఘటోత్కచుడు మంటలూ పొగల మధ్య ప్రత్యక్షమవుతాడు. లడ్డూలు వాటంతట అవే ఎగిరి అతని నోట్లో పడతాయి. అక్కడ మనం చేయాల్సిందేమీ లేదు.

అసలు టెన్షన్ పద్యం దగ్గర, అదీ పెద్దవాళ్ళకే. హార్మోనియం అందుకుంటుంది, కథ ఆగిపోతుంది. కోపంతో ఊగిపోతున్న బలరాముడు కూడా ఆఖరి పాదం చివర నింపాదిగా రాగం తీస్తాడు. సరిగ్గా అప్పుడే సీట్లలో బ్యాగుల జిప్పులు తెరుచుకుంటాయి. ఒకరు చిప్స్ తీస్తారు, ఇంకొకరు ఫోన్ చేతిలో పెడతారు. పిల్లాడికి విసుగొచ్చి కాదు, వస్తుందేమోనని! దయచేసి ఆ పని చేయకండి. అర్థం చెప్పడం కూడా వద్దు. మీకు మాత్రం ఆ సమాసాలన్నీ అర్థమవుతున్నాయా ఏమిటి?

మా మనవరాలు మొదటిసారి చూసినప్పుడు, పద్యం నడుస్తున్నంతసేపూ నటుడి మెడ మీద ఉబ్బిన నరాన్నే చూస్తూ కూర్చుంది. "తాతయ్యా, ఆయన ఊపిరి ఎప్పుడు తీసుకుంటాడు?" అని నా చెవిలో అడిగింది. పద్యం అయిపోగానే వెనక నుంచి ఎవరో "వన్స్ మోర్!" అని అరిచారు. ఆయన మళ్ళీ ఎత్తుకున్నాడు. అడిగితే మళ్ళీ పాడతారన్న సంగతి దానికి ఘటోత్కచుడి కంటే పెద్ద మాయలా తోచింది. మర్నాడు బాత్రూంలో ఒకటే రాగాలాపన. మాటలు ఒక్కటీ లేవు, ఎక్కడ ఆగాలో మాత్రం సరిగ్గా పట్టేసింది.

కథ మాత్రం ముందురోజు రాత్రే చెప్పి ఉంచండి. శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడని తెలియకపోతే, ఆ పిల్ల అలా మగరాయుడిలా ఎందుకు నడుస్తోందో వాళ్ళకు బోధపడదు. తెలిస్తే పగలబడి నవ్వుతారు.

లడ్డూల్నీ బాణాల్నీ ఎగరేసే తీగను చూసి "తీగ కనిపిస్తోంది!" అని పిల్లలు గట్టిగా అంటారు. కసరకండి. తీగ ఉందని తెలిసినా బాణాలు ఢీకొన్నప్పుడు ఉలిక్కిపడేది వాళ్ళే. బడి పిల్లలకైతే ఆ తీగ ఎవరు లాగుతున్నారన్నదే అసలు కథ. వీలుంటే నాటకం అయ్యాక కళాకారుల అనుమతి అడిగి తెర వెనక్కి తీసుకెళ్ళండి. రంగులేసిన దర్బారు తెర దగ్గర నుంచి చూస్తే ఎంత గరుకుగా ఉంటుందో చూడనివ్వండి. సురభి కుటుంబాల్లో పిల్లలు ఊహ తెలియకముందే స్టేజి ఎక్కుతారు. తన ఈడు పిల్ల ముఖానికి రంగు కడుక్కుంటూ కనిపిస్తే మీవాడు కళ్ళార్పడు.

భయం సంగతీ చెప్పాలి. ఘటోత్కచుడు వచ్చేటప్పుడు పెద్ద చప్పుడవుతుంది. మొదటి వరసలో పొగ కూడా తగులుతుంది. ముద్దొస్తున్నాడు కదా అని ముందు కూర్చోబెడితే ఏడుపు లంకించుకుంటాడు. నాలుగైదు వరసల వెనక, నడిచే దారి పక్కన సీటు చూసుకోండి. ఏడిస్తే బయటికి తీసుకెళ్ళి, మంచినీళ్ళు తాగించి మళ్ళీ తీసుకురండి. టికెట్ డబ్బులు దండగయ్యాయని వాణ్ణి బలవంతంగా కూర్చోబెట్టకండి.

ఏ వయసు నుంచి తీసుకెళ్ళొచ్చని ఇందాక ఒకమ్మాయి చీటీ పంపింది. కథ చెబితే "తర్వాతేమైంది?" అని అడిగే వయసు వస్తే చాలమ్మా. మిగతా ప్రశ్నలుంటే అడగండి.